ఎవరి ఖర్చులు వారే

ఆమె పోయిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. వాళ్ల ఊరి ఆటో డ్రైవరు బండి కాగితాల జిరాక్స్ కోసం మా షాపుకి వచ్చి, మిషన్లోంచి కాపీ బయటికి వచ్చేలోగా ఆ మాట చెప్పాడు.

“కోర్టు పిచ్చిది పోయింది బావా. నీకు తెలిసిందేటి?”

తెలీలేదు. కాపీలు చేతికిచ్చి, డబ్బులు తీసుకుని, అప్పుడు అడిగాను: “ఎవరు పిచ్చిది?”

నా గొంతు పెద్దదైనట్టుంది. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. “నానేటన్నాను బావా? ఊరంతా అదే అంతారు గదా.”

ఊరంతా అంటారు, నిజమే. కోర్టు వరండాలోనూ అనేవారు. అందుకే ముందు విషయం సరిగ్గా చెబుతాను. ఆమె తన జన్మలో ఎవరి మీదా కేసు వెయ్యలేదు. ఆమె మీద ఒకడు వేశాడు. వాయిదాకి రమ్మంటే వచ్చింది, పేరు పిలిస్తే పలికింది. వేసినవాడు పెద్దమనిషి, పలికినావిడ పిచ్చిది. ఐదేళ్లు లాగి లాగి చివరికి వాడే కేసు వదులుకుంటే, “మరి నా ఖర్చులు ఎవుడిత్తాడు?” అని అడిగింది. పిచ్చి అన్న పేరు ఆ ఒక్క ప్రశ్నకి వచ్చింది.

నాది పలాసలో కోర్టు గేటుకి ఎదురుగా డీటీపీ షాపు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, రెండేళ్లు ఒక కంపెనీలో చేసి, తిరిగి వచ్చి పాత యజమాని దగ్గర ఈ షాపు కొన్నాను. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ పెట్టె. ప్లీడర్లు చెబుతారు, నేను కొడతాను. ఆమె పేరు చాలాసార్లు కొట్టాను, ప్రతిసారీ ‘ప్రతివాది’ అన్న మాట పక్కన. ఇక్కడ మాత్రం రాయను.

మొదటిసారి వచ్చినప్పుడు “మామ్మా, ఎన్ని కాపీలు?” అన్నాను.

“నీకు మామ్మనేటి నాను? జుట్టు నెరిస్తే మామ్మేనేటి? అత్తా అను.”

“సరే అత్తా. ఎన్ని కాపీలు?”

“మూడు. అత్తనన్నాక అల్లుడివి. బేగి తియ్యి, వాయిదా పిలిచీత్తారు.”

అప్పటి నుంచి నేను అల్లుణ్ణి.

చిన్న మనిషి. జీడి సొన తగిలి తగిలి వేళ్ల కొసలు నల్లబడి, తోలు ఊడి, వేలిముద్ర పడేది కాదు. రేషను మిషను దగ్గర నాలుగుసార్లు వేలు పెట్టినా ఒప్పుకోదని చెప్పేది. అందుకని సంతకం మీద ఆమెకి చాలా గౌరవం. ఒక్కో అక్షరం కూర్చోబెట్టినట్టు పెట్టేది. పెట్టాక కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసుకునేది.

వాయిదా రోజున సుమ్మాదేవిలో పాసింజరు ఎక్కి పలాసలో దిగేది. స్టేషన్ నుంచి కోర్టుకి నడక. చేతిలో నల్ల గొడుగు. చంకలో జీడిపప్పు పార్సిళ్లకి వాడే మందపాటి కవరు. అందులో కేసు కాగితాలూ, అయిపోయిన రైలు టిక్కెట్లూ. టిక్కెట్లు ఎందుకు దాస్తావత్తా అంటే “ఆడు కట్టాల గదా” అనేది. ఆడు అంటే వాది. ఆమె అతని పేరు ఎన్నడూ పలకలేదు. ప్లీడర్ల దగ్గర విని ‘వాది’ అన్న మాటని పట్టుకుని దాన్ని తిట్టులా వాడేది. ఓసారి మా మెట్ల మీద పడుకున్న కుక్కని గొడుగుతో అదిలిస్తూ “పో, వాదీ!” అంది. అది లేచిపోయింది.

పాసింజరు ఆలస్యమైతే రైలుని తిట్టేది కాదు. “ఆడు కేసు ఎయ్యకపోతే ఈ రైలు రేపొచ్చినా నాకేటి?” అనేది. నేను కాలేజీలో కారణం, ఫలితం అన్న పాఠాలు చదివాను. ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి. కోర్టు ఆవరణలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: “నీకు ఇప్పటిదాకా ఎంత పడింది?” గెలుస్తావా, ఓడుతావా అని అడిగేది కాదు. టెక్కలి నుంచి వచ్చే రైతుని అడిగేది, భరణం కేసు పిల్లని అడిగేది, ఓసారి కాపలా కానిస్టేబుల్ని అడిగింది. “నాకేం కేసు లేదమ్మా” అన్నాడతను. “అదృష్టం బాబూ” అంది.

కేసు సంగతి చెప్పాలి. ఉద్దానంలో పూత మీద బేరం అని ఒకటుంది. మాఘమాసంలో జీడి చెట్లు పూత పూస్తాయి. వ్యాపారి తోటలోకి వచ్చి పూత చూసి, ఇంత దిగుబడి అని అంచనా కట్టి అడ్వాన్సు ఇస్తాడు. వేసవిలో జీడిపిక్కలు అతనికే వెయ్యాలి. కాగితం, సంతకం ఉండవు. ఎవరైనా మరీ పెద్ద మొత్తం అడిగితే మాత్రం ఒక ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. నమ్మకానికి అంటారు. నమ్మకం ఉంటే కాగితమెందుకు, కాగితం ఉంటే అది ఖాళీగా ఎందుకు, అని నాకు ఇప్పటికీ అర్థం కాదు.

భర్తని కిడ్నీ జబ్బుతో విశాఖపట్నం తీసుకెళ్లే ఏడు ఆమె అలాంటి కాగితం మీద సంతకం పెట్టింది. ఆ వేసవిలోనే పిక్కలన్నీ తోలి అడ్వాన్సు తీర్చేసింది. భర్త దక్కలేదు. కాగితమూ తిరిగి రాలేదు. అడగడానికి ఆమెకి మొహమాటం. అక్కడ అందరికీ అంతే. తీరిపోయిన బాకీ కాగితం అడిగితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టు. దావాకి గడువైన మూడేళ్లు నిండబోతుండగా ఆ కాగితం కోర్టులో బయటపడింది. అప్పటికి దాని నిండా రాత ఉంది. ఎకరా ఇరవై సెంట్ల జీడితోట అమ్ముతానని ఆమె ఒప్పుకుందట. రిజిస్ట్రేషన్ చేయించమని, అడ్వాన్సు ఇచ్చిన ఆ వ్యాపారి దావా.

ఆ దావా వల్ల తోట పోలేదు. కానీ పూత మీద బేరం పోయింది. ఏ వ్యాపారీ ఆ గట్టు దాటి లోపలికి రాలేదు. “తోట మీద కేసున్నాది కదమ్మా” అనేవారు. ఐదు పూతలు ఆమె అడ్వాన్సు లేకుండా గడిపింది. పిక్కలు రాలాక, ఎవరు ఎంతిస్తే అంతకి పోసింది.

ఆమె ప్లీడరు టెక్కలి ఆయన. పలాస, టెక్కలి కోర్టుల మధ్య తిరుగుతాడు. చెడ్డవాడు కాదు, అదే నా కోపం. చెడ్డవాడైతే ఈ కథ ఒక్క లైన్లో రాసేవాణ్ణి. ఆయన నిజంగానే పని చేశాడు. స్టాంపు కాగితం మీద సాక్షిగా సంతకం చేసినవాడు ఆ తేదీన ఊళ్లోనే లేడని, చెన్నైలో కూలిపనిలో ఉన్నాడని పట్టుకున్నాడు. ఆ సాక్షిని బోనెక్కించేవరకూ లాక్కొచ్చాడు. ఆమె వాయిదా వాయిదాకీ ఆయన చేతిలో డబ్బు పెట్టేది. వేసవిలో కిలో పప్పు, కొబ్బరికాయలు ఇంటికి మోసేది. ఆయన ఒక్క రసీదు ఇవ్వలేదు. ఆమె అడగలేదు. మన పప్పు తినేవాణ్ణి రసీదు అడుగుతామా?

ఐదో ఏట, వాది బోనెక్కాల్సిన వాయిదా రోజున, అతని ప్లీడరు గుమస్తా పొద్దున్నే మా షాపులోకి పరుగున వచ్చాడు.

“తమ్ముడూ, ఒక నాట్‌ప్రెస్డ్ కొట్టీ. బేగి.”

నాట్‌ప్రెస్డ్ అంటే, నేను వేసిన ఈ దావా ఇక నడపను, కొట్టేయండి అని వాది ఇచ్చే మెమో. నా కంప్యూటర్లో దానికో ఫైలు ఉంది. నాలుగు చోట్ల మారుస్తాను: కేసు నంబరు, వాది పేరు, ప్రతివాది పేరు, తేదీ. రెండు నిమిషాలు కూడా పట్టదు. మారుస్తూ పేర్లు చూశాను. మన అత్త కేసే. సంతోషపడ్డాను. మూడు కాపీలు తీసి గుమస్తాకి ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె షాపుకి వచ్చింది. ఆమె వెనకాల నలుగురు. “గెలిచీసినావు కదే, స్వీట్లేవి?” అని ఒకడు. “వాది తోక ముడిచీసినాడు” అని ఇంకొకడు. ఆమె మొహంలో నవ్వు లేదు.

“అల్లుడూ, దీనికో కాపీ తియ్యి. ముందు తెలుగులో సదువు.”

ఇంగ్లీషు మెమో. నాలుగు వాక్యాలు. ఒక్కోటి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. మొదటిది, ఈ దావా వాది వేశాడు. రెండోది, పెద్దల సలహా మీద దీన్ని నడపదలచుకోలేదు. మూడోది, కాబట్టి కొట్టివేయవలసిందిగా ప్రార్థన. నాలుగోది నెమ్మదిగా చదివాను. ఇరుపక్షాలూ ఎవరి ఖర్చులు వారే భరించుకుంటారు. కింద ఆమె ప్లీడరు చేతిరాతతో రెండు మాటలు: అభ్యంతరం లేదు. సంతకం.

“ఆ ఆకరి ముక్క మళ్లీ సదువు.”

చదివాను.

“అది ఎవుడు రాయమన్నాడు?”

“ఎవరూ చెప్పలేదత్తా.”

“మరెలగొచ్చింది?”

“ఫైల్లో ఉంటుంది. అన్ని మెమోల్లోనూ ఉంటుంది.”

“అన్నిట్లో ఉంతే నాదాట్లో ఉండాలేటి? నన్నడిగినావా?”

అడగలేదు. ఆ ఫైలు పాత యజమాని కాలం నాటిది. కంప్యూటరుతో పాటు వచ్చింది. నేను వచ్చాక అందులోంచి ఎన్ని మెమోలు పోయాయో తర్వాత లెక్క చూసుకున్నాను, ఇక్కడ చెప్పను. ఏ ప్లీడరూ ఆ నాలుగో వాక్యం చెప్పలేదు, ఏ ప్లీడరూ తియ్యమనలేదు, ఏ కక్షిదారూ చదవలేదు. ఈవేళ నీ మెమోకి నేను అడ్డు చెప్పను, రేపు నా మెమోకి నువ్వు చెప్పకు. వాళ్ల మధ్య మర్యాద అది. ఆ మర్యాద ఖరీదు ఇద్దరు ప్లీడర్లలో ఎవరూ కట్టరు. నేనూ కట్టను.

“నాను ఖర్చులు అడగొచ్చా, కూడదా? అది సెప్పు.”

ఆ చట్టం ముక్క పిటిషన్లలో ఎన్నోసార్లు కొట్టి ఉన్నాను. దావా వేసినవాడు తనంతట తాను వదులుకోవచ్చు. కానీ వదులుకుంటే అవతలివాళ్ల ఖర్చులకి బాధ్యుడు. ఎంతన్నది కోర్టు ఇష్టం.

“అడగొచ్చత్తా. కానీ నువ్వు అడగాలి. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు.”

ఆమె మెమో కాపీ మడిచి కవర్లో పెట్టుకుంది. నాకు రెండు రూపాయలు ఇచ్చి “దీనికో సీటీ రాసియ్యి” అంది. జీవితంలో మొదటిసారి జిరాక్స్ కాపీకి రసీదు రాశాను.

భోజనాల తర్వాత నేనూ వెళ్లి కోర్టు హాలు గుమ్మం దగ్గర నిలబడ్డాను. కేసు పిలిచారు. ఆమె ప్లీడరు లేచి అభ్యంతరం లేదన్నాడు. జడ్జిగారు కలం ఎత్తారు.

“ఉన్నాది బాబూ.”

హాలంతా వెనక్కి తిరిగింది. ఆమె చెప్పులు బయట విడిచి, గొడుగు మాత్రం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

“ఎవరమ్మా మీరు?”

“పెతివాదినండి.”

“మీ వకీలుగారు అభ్యంతరం లేదని రాశారు కదా.”

“ఆరికి నేదండి. నాకున్నాది.”

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. “కేసు పోతే మీకు మంచిదే కదమ్మా? ఇంకేం కావాలి?”

“పోతే మంచిదేనండి. ఆడు ఒదులుకుంతానంతే నానొద్దనను. గేదెని నా సేలోకి తోలీసినోడు, మేసినన్నాళ్లు మేపీసి, ఇప్పుడు తాడట్టుకుని ఇంటికి తోలుకుపోతాడా? ఎనకటికి బందెలదొడ్డిలో ఎడితే డబ్బు కట్టకండా గేదెనిచ్చీవోరేటండీ?”

ఆమె ప్లీడరు వెనక్కి తిరిగి “కూర్చోమ్మా, నేను మాట్లాడతాను” అన్నాడు. ఆమె కూర్చోలేదు. వాది ప్లీడరు లేచి, అవతలి పక్షం ఒప్పుకుని సంతకం చేశాక ఇదేం పద్ధతి అన్నాడు. జడ్జిగారు మెమో మరోసారి చదివారు. కక్షిదారే స్వయంగా అభ్యంతరం చెబుతున్నప్పుడు ఖర్చుల విషయం విడిగా చూస్తామన్నారు. ఖర్చుల జాబితా ఆధారాలతో దాఖలు చెయ్యడానికి వారం గడువు ఇచ్చారు.

జాబితా నా చేతికొచ్చింది. జాబితాలు నాకు చేతనైన పని. ఆమె కవరు మా బల్ల మీద బోర్లించింది. ఒక గడిలో తేదీ, ఒక గడిలో పని, ఒక గడిలో ఆధారం. వకాల్తా స్టాంపులు, సాక్షుల బత్తా, నకళ్ల రుసుము, వీటికి కోర్టు చీటీలు ఉన్నాయి. రైలు టిక్కెట్లు తేదీలవారీగా పేర్చాను. కొన్నిటి మీద అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితాలైపోయాయి. ఆమె అవి కూడా వదలనివ్వలేదు. “నాను ఆ రైలెక్కినాను గదా” అంది.

టైపు ఖర్చుకి రసీదులు? నేను కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. ప్లీడర్ని తప్పుపడుతూ టైపు చేస్తున్నవాణ్ణి నేను. పాత తేదీలతో రసీదులు పుట్టించను. కంప్యూటర్లో ఆమె కేసు ఫైళ్లన్నీ తేదీలతో ఉన్నాయి. అవి చూసి, ఏ రోజు ఎన్ని పేజీలు కొట్టానో రాసి, ఇన్నాళ్లకి ఇప్పుడు ఇస్తున్నానని ఒప్పుకుంటూ ఒకే రసీదు రాసి సంతకం చేశాను.

మిగిలింది ఒకే ఒక్క గడి. అన్నిటికన్నా పెద్దది. ప్లీడరు ఫీజు. దానికి ఆయన ఇంత ముట్టిందని రాసిన సర్టిఫికెట్ కావాలి.

ఆదివారం ఇద్దరం బస్సెక్కి టెక్కలి వెళ్లాం. ఆమె చేతిలో ఎప్పటిలాగే పప్పు పొట్లం. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆమెని చూసి పేపరు దించలేదు.

“హాల్లో అందరి ముందూ నా పరువు తీశావమ్మా.”

“మీ మీద నానేటీ అన్నేదు బాబూ. నాకు అబ్జెక్షన్ ఉన్నాదన్నాను.” పొట్లం బల్ల మీద పెట్టింది. “ఈ ఏటి పప్పు. మరి నాకో కాయితం కావాల.”

నేను వివరంగా చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నా షాపుకి నెలనెలా పని ఇచ్చే మనిషి.

“ఫీజు సర్టిఫికెట్లు ఇక్కడ ఎవరూ వెయ్యరయ్యా. నీకు తెలీదా? నేనొక్కణ్ణి వేస్తే రేప్పొద్దున్న ప్రతివాడూ వచ్చి అడుగుతాడు. అయినా ఎంత తీసుకున్నానో నాకేం గుర్తుంటుంది?”

“నాకు గురుతున్నాది బాబూ.” ఆమె మొదలుపెట్టింది. మొదటి వాయిదా నుంచి వరసగా, ఏ నెలలో ఎంత, ఏ వేసవిలో ఎన్ని కాయలు. కాగితం చూడలేదు. నేను నా జాబితాతో పోల్చుకుంటూ విన్నాను. ఒక్కటి తప్పలేదు.

“పప్పు కూడా రాయమంటావా ఏం?” అన్నాడాయన వెటకారంగా.

“రాయండి. తినడానికి లేని సిగ్గు రాయడానికెందుకు?”

ఆయన మొహం ఎర్రబడింది. ఆమె గొంతు తగ్గించింది.

“మీరు తీసుకున్నది తప్పు కాదు బాబూ. పని సేసినారు, కూలి తీసుకున్నారు. ఆ సాచ్చిని అట్టుకున్నది మీరే. నాను పిక్కలేరినందుకు కూలి తీసుకోనా? తీసుకున్నానని సెప్పుకోనా? మీరు రాసిత్తే ఆ డబ్బు నానిచ్చినట్టు కాదు, ఆడిచ్చినట్టవుద్ది. మీకేటి పోద్ది?”

ఇంతకన్నా సరైన వాదన ఆ వరండాలో ఎవరూ చేసి ఉండరు. ఆయన ఫోను ఏదో వచ్చినట్టు చూసుకుంటూ లేచి లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆయన భార్య రెండు గ్లాసుల కాఫీ తెచ్చి పెట్టి, “ఆయన పడుకున్నారు” అంది. పగలు పదకొండు గంటలు. ఆమె కాఫీ మొత్తం తాగింది, గ్లాసు పక్కన పెట్టింది, బల్ల మీది పప్పు పొట్లం తీసి మళ్లీ చంకన పెట్టుకుంది.

బస్సులో పొట్లం విప్పి నా దోసిట్లో పోసింది. “తిను అల్లుడూ. దీనికి రసీదు అక్కర్నేదు.”

వారం తర్వాత ఆర్డరు వచ్చింది. దావా కొట్టేశారు, వాది ప్రతివాదికి ఖర్చులు చెల్లించాలి. ఎంత? ఆర్డరు కింద పట్టీ ఉంది. స్టాంపులు ఒప్పుకున్నారు. బత్తా, నకళ్లు ఒప్పుకున్నారు. రాత ఖర్చు అన్న పేరుతో నా టైపు రసీదూ ఒప్పుకున్నారు. రైలు టిక్కెట్లు రూలులో లేవు. ఐదు పూతల నష్టం ఖర్చు కిందకి రాదు. ప్లీడరు ఫీజు దగ్గర ఒక్క మాట: సర్టిఫికెట్ దాఖలు కానందున, సున్న. కేసు వాదించినవాడి ఫీజు లేదు, దాన్ని టైపు చేసినవాడి కూలి ఉంది. నాకు ఆ రోజు నా అంకె చూసుకుంటే సిగ్గేసింది. జడ్జిగారి మీద నాకు కోపం లేదు. ఆయన ముందున్నది చూశారు. ముందు పెట్టనివాళ్ల మీద నా కోపం.

మొత్తం ఎంతో విన్న వాది కోర్టు వరండాలోనే పెద్దగా నవ్వాడు. మంచి బట్టలు, మంచి మాట. పర్సు కూడా తియ్యలేదు, చొక్కా జేబులోంచే నోట్లు తీశాడు.

“ఇదేనా వదినా? దీనికోసమా ఇంత గోల? నన్నడిగితే టీ తాగించి మరీ ఇచ్చీసీవోణ్ణి గదా.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె ప్లీడరు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన నవ్వలేదు. ఆమె నోట్లు లెక్కపెట్టింది. సరిపోయాయి.

“అల్లుడూ, రసీదు రాయి.”

“మనలో మనకి రసీదులేటి వదినా?” అన్నాడు వాది.

ఆమె తలెత్తి అతన్ని చూసింది. ఐదేళ్లలో ఆమె అతనితో నేరుగా మాట్లాడ్డం నేను చూడటం అదే మొదటిసారి.

“మా ఆయన్ని ఇసాపట్నం అట్టుకెల్లిన రోజున నాను కాయితం మీద రాత రాసినాకే సంతకం పెడతానంతే, నువ్వు అదే మాటన్నావు, మనలో మనకేటని.”

వరండాలో నవ్వు సగంలో ఆగింది.

“రాయి అల్లుడూ. దొంగ కాయితం ఎట్టి కేసేసినందుకు, అది నిలబడక ఒదిలీసుకున్నందుకు, ఖర్చు కింద ఇచ్చినాడని రాయి. ఇచ్చినోడు సంతకం, పుచ్చుకున్నోడు సంతకం.”

దొంగ అన్న మాట రాయలేదు. ఆర్డర్లో లేనిది రాయకూడదు. మిగతాది రాశాను: ఫలానా దావా వేసి, తానే వదులుకున్నందుకు, ప్రతివాది ఖర్చుల కింద వాది చెల్లించిన మొత్తం. చదివి వినిపించాను. ఆమె ఒప్పుకుంది. కూర్చోబెట్టినట్టు అక్షరాలు పెట్టి సంతకం చేసి, కాగితం దూరంగా పట్టుకుని చూసుకుని, కలం అతని వైపు చాపింది.

“నేనెందుకు పెట్టాలి? డబ్బిచ్చాను కదా.”

ఆమె నోట్లు తిరిగి అతని చేతికి పెట్టింది. “అయితే ఇవి నీకాడే ఉంచు. ఇచ్చినట్టు కాదు. నాను మళ్లీ లోపలికెల్తాను.”

లోపల జడ్జిగారు ఇంకా బెంచి దిగలేదు. అతను తన ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరు, పెట్టెయ్యండి అన్నట్టు తలూపాడు. అతను గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టాడు. వాది అన్న మాట పక్కన. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఆ మాఘంలో ఒక కంచిలి వ్యాపారి ఆమె తోటలోకి వచ్చి పూత మీద అడ్వాన్సు ఇచ్చాడు. ఆమె మొత్తం రాయించి, రెండు కాపీలు నా దగ్గర జిరాక్స్ తీయించి, ఒకటి అతనికిచ్చింది. అతనికి కాస్త కోపం వచ్చిందట. వస్తే రానీ అంది. ఇంకో పూత చూసింది. ఈ కార్తీకంలో పోయింది. టెక్కలి ఆయన ఇప్పటికీ ఫీజు సర్టిఫికెట్ వెయ్యడు. ఎవరూ వెయ్యరు. ఆమె ఐదేళ్లు ఆయన చేతిలో పెట్టిన డబ్బు, లెక్క ప్రకారం, ఎన్నడూ ఎవరికీ ముట్టలేదు.

ఆర్డరు వచ్చిన రోజునే నా ఫైల్లోంచి ఆ నాలుగో వాక్యం తీసేశాను. నాట్‌ప్రెస్డ్ మెమో కావాలని వచ్చిన ప్లీడర్లు ప్రింటు చూసి, ఖర్చుల ముక్క ఏదీ అని అడుగుతారు. కావాలంటే చెప్పండి, కొడతాను అంటాను. కొందరు విసుక్కుంటారు. ఇద్దరు పక్క షాపుకి మారిపోయారు. మిగతావాళ్లు చెబుతారు, దాదాపు అందరూ చెబుతారు: ఎవరి ఖర్చులు వారే. కానీ ఇప్పుడది నోరు తెరిచి చెప్పాలి. పక్కన కక్షిదారు నిలబడి ఉంటే, చెప్పే ముందు ఒకసారి అటు చూస్తారు.